దీవికి పోయే సద్దిమూట

పెద్దల మాట సద్దిమూట అన్నారు. అన్నవారి ఉద్దేశం పెద్దల మాటను పొగడడమే అయినా, ఆ సామెతలో అసలు గౌరవం దక్కింది సద్దిమూటకే అని నాకు తోస్తుంది. ఆకలి వేళకు అక్కరకు వచ్చే వస్తువు దానిని మించినది లేదని మనవాళ్లకు ఎంత నమ్మకం లేకపోతే, పెద్దల మాటను తీసుకుపోయి దానితో పోలుస్తారు! పూటకూళ్ల ఇళ్లు పోయి హోటళ్లు వచ్చాయి. ఎడ్లబండి పోయి విమానం వచ్చింది. సద్దిమూట మాత్రం పోలేదు. గుడ్డ మూట కాస్తా చక్రాల పెట్టె అయింది, అంతే.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకునే మనిషిని. మా కాపురం శంషాబాద్‌లో. డాబా మీద బట్టలు ఆరవేస్తూ తల ఎత్తితే దిగుతున్న విమానం పొట్ట కనబడుతుంది. అందుచేత ప్రయాణికుల సంగతి, వాళ్ల మూటల సంగతి నాకు కొంత తెలుసు. పోయిన శీతాకాలం సెలవుల్లో మా కుటుంబం యావత్తూ, అంటే నేను, మావారు, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు, అండమాన్ దీవులకు వెళ్లివచ్చాం. అక్కడ ఏమేం చూశామో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. సెల్యులార్ జైలు గురించీ, రాధానగర్ సముద్రతీరం గురించీ రాసినవారు చాలామంది ఉన్నారు. దీవికి పోయేటప్పుడు వెంట ఏం తీసుకుపోవాలి? ఎక్కడ కొనాలి? ఎంత కొనాలి? ఈ చిన్న ప్రశ్నలకు జవాబు వెతకబోతే, వెనక పెద్ద సంగతులే ఉన్నాయని తెలిసింది. సంసారులకు పనికివచ్చేవి గనుక చెబుతున్నాను.

శంషాబాద్ తూకం

శంషాబాద్ ఒకప్పుడు బెంగుళూరు రోడ్డు మీద బస్సు ఆగే ఒక ఊరు. 2008 మార్చి 23 నుంచి విమానాలు బేగంపేట మాని ఇక్కడ దిగడం మొదలుపెట్టాయి. 5 వేల ఎకరాల పైచిలుకు నేల విమానాశ్రయానికి పోయింది. మరుసటి సంవత్సరం మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన రోడ్డు వచ్చింది. దానితో ఊరు పట్నానికి పెరడు అయిపోయింది. అయినా ఇక్కడి జీవితాన్ని శాసించేది రన్‌వే పొడవూ కాదు, వంతెన పొడవూ కాదు. పెట్టె బరువు!

నమ్మకం లేకపోతే ఒక రాత్రివేళ విమానాశ్రయం ముంగిట నిలబడి చూడండి. ఒక పక్క అమెరికా చదువుకు పోయే కుర్రవాడు, అతన్ని సాగనంపడానికి వచ్చిన పదిహేనుమంది చుట్టాలు. పెట్టె తెరిచి, గోంగూర పచ్చడి డబ్బా తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి, చివరకు అతని కోటు తీసేసి పచ్చడికి చోటు చేస్తారు. ఇంకో పక్క కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయే మనుషులు. వాళ్లది అట్టపెట్టె. దాని చుట్టూ నైలాను తాడు, తాడు కింద నల్ల సిరాతో పేరు, ఊరు, చేరవలసిన చోటు. అందులో ఏముందని ఎవరూ అడగనక్కర లేదు. కారం పొడి, చింతపండు, మామిడి తొక్కు, సకినాలు. రెండేళ్లకు గాని ఇంటిముఖం చూడలేని మనిషికి ఆ అట్టపెట్టె తిండి మాత్రమే కాదు. గదిలో నలుగురూ పడుకున్నాక మూత తీసి వాసన చూసుకునే ఊరు అది.

ఆ మనిషి కట్టుకునే మూటకీ, వారం రోజుల విహారానికి మేం కట్టుకునే మూటకీ పోలిక లేదు. కాని తూకం యంత్రం ముందు అందరం ఒకటే. దేశంలోపలి విమానాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోల పెట్టె, చేతిలో 7 కిలోల సంచీ ఉచితం. దాటితే కిలోకి కొన్ని వందల రూపాయలు చెల్లించాలి. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే ఇకముందు చెప్పబోయేదంతా సులువుగా అర్థమవుతుంది.

గోదాము దుకాణం పుట్టుక

ప్రయాణం నిశ్చయమైన వెంటనే మావారు చేసిన ప్రతిపాదన ఏమిటంటే, సరుకులన్నీ ఒక్కసారిగా గోదాము వంటి పెద్ద దుకాణంలో కొనేద్దామని. అలాంటివి పట్నం చుట్టూ ఇప్పుడు చాలా వెలిశాయి. ఎత్తయిన రేకుల కప్పు, ఇనుప అలమరాలు, మనిషి ఎత్తున బియ్యం సంచీలు, పసిపిల్లవాణ్ణి స్నానం చేయించదగినంత నూనె డబ్బాలు.

ఈ పద్ధతి పుట్టుక వింతగా ఉంటుంది. 1976లో అమెరికాలోని శాన్‌డియాగోలో సోల్ ప్రైస్ అనే వర్తకుడు, పూర్వం విమానాలు నిలిపే పాత షెడ్డు ఒకటి తీసుకుని అందులో అంగడి తెరిచాడు. అలంకారం లేదు. గుమాస్తాలు ఎక్కువమంది లేరు. సరుకు వచ్చిన చెక్క పలకల మీదనే నిలబెట్టి అమ్మకం. కొనదలచినవాడు సంవత్సరానికి ఇంత అని చందా కట్టి సభ్యుడు కావాలి. 1983లో సియాటిల్‌లో ఇదే బాటలో కాస్ట్‌కో మొదలయింది. 1993లో రెండూ కలిసిపోయాయి. మామూలు పెద్ద అంగడిలో ముప్పై వేల రకాల సరుకులు ఉంటే, వీళ్ల దగ్గర నాలుగు వేల రకాలు ఉంటాయి. ఒక్కొక్కటి పెద్ద పెద్ద పొట్లాల్లో. సరుకు మీద లాభం స్వల్పం. అసలు లాభం చాలా వరకు సభ్యత్వ రుసుము నుంచే వస్తుంది. అంటే వర్తకుడు మనకు అమ్మేది పప్పు, ఉప్పు కాదు, లోపలికి వచ్చే హక్కు!

మన దేశానికి ఈ సంప్రదాయం జర్మనీ నుంచి వచ్చింది. 1964లో అక్కడ పుట్టిన మెట్రో సంస్థ 2003లో బెంగుళూరులో తొలి దుకాణం తెరిచింది. అయితే మన చట్టం ప్రకారం విదేశీ సంస్థలు అలాంటి చోట వర్తకులకూ, హోటళ్లకూ టోకున అమ్మవలసిందే గాని గృహస్థులకు విడిగా అమ్మడానికి వీలు లేదు. అందుకే కార్డు లేనివారిని గుమ్మంలోనే ఆపేవారు. 2009లో అమృతసర్‌లో వాల్‌మార్ట్ వారి టోకు దుకాణం తెరిచినప్పుడూ అదే నియమం. 2023లో మెట్రో వారి భారతదేశపు వ్యాపారం రిలయన్స్ చేతికి వచ్చింది. ఈలోగా, 2002లో బొంబాయిలోని పోవాయ్‌లో మొదలైన డీమార్ట్ వంటి స్వదేశీ అంగళ్లు, కార్డు అక్కర లేకుండానే మధ్యతరగతి సంసారాలను పెద్ద పొట్లాలకు అలవాటు చేశాయి.

మేం వెళ్లినది ఏ దుకాణమో చెప్పనక్కర లేదు, అన్నీ ఒక్క తీరే. లోపల అడుగుపెట్టగానే చేతికి తోపుడుబండి వస్తుంది. ఈ బండిని 1937లో ఓక్లహోమా నగరంలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే కిరాణా వర్తకుడు కనిపెట్టాడు. మొదట జనం దాన్ని తొయ్యడానికి నామోషీ పడ్డారట. అప్పుడాయన కూలికి మనుషులను పెట్టి, కొనుగోలుదారుల్లాగా బండ్లు తోయించాడు. ఇప్పుడు ఎవరికీ కూలి ఇవ్వనక్కర లేదు! చేతిసంచీ నిండితే బరువు తెలిసి ఆగుతాం. బండికి చక్రాలున్నాయి గనుక బరువు తెలియదు, అందుచేత ఆగం. మా బండిలో అరగంటలో ఇరవై నాలుగు బిస్కట్ పొట్లాల పెట్టె, పన్నెండు నూడిల్స్ పొట్లాల కట్ట, అయిదు కిలోల కందిపప్పు సంచీ చేరాయి. వారం రోజులకు అయిదుగురికి అయిదు కిలోల కందిపప్పు!

"మిగిలినది వెనక్కి తెచ్చుకుందాం. కిలోకి ఎంత కలిసివస్తుందో చూడు" అన్నారు మావారు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. కిలో పొట్లం 160 రూపాయలు, అయిదు కిలోల సంచీ 750 అనుకోండి. కిలోకి పది రూపాయలు మిగిలాయి. బాగానే ఉంది. కాని మనకు కావలసింది కిలోన్నర. మిగతా మూడున్నర కిలోలు పోతూ వస్తూ రెండుసార్లు విమానం ఎక్కుతాయి. ఆ బరువు 15 కిలోల గీత దాటించిందా, ఒక్కొక్క కిలోకి కొన్ని వందలు. పది రూపాయల లాభానికి వందల రూపాయల కూలి. ఇంటికైతే పెద్ద సంచీ లాభమే. ప్రయాణానికి మాత్రం చిన్న పొట్లమే పెద్దది.

అత్తమ్మ ఆ దుకాణానికి రాలేదు. ఆమెకు షుగరు వ్యాధి. పూటకు రెండు జొన్నరొట్టెలు, వేళకు మాత్ర. ఆమె కొనుగోలు అంతా మా వీధి చివర సేటు దుకాణంలోనే. జొన్నలు తూయించుకుని, ఎదురుగా ఉన్న గిర్నిలో పట్టించి, పిండి వెచ్చగా ఉండగానే డబ్బాకెత్తింది. పల్లీల పొడి, నువ్వుల పొడి, కాస్త బెల్లం, చేసిపెట్టుకున్న మురుకులు. వీటన్నిటికీ ఒక గుడ్డ సంచీ. కుడుకలు కూడా పెట్టబోతుంటే అడ్డం వెళ్లవలసి వచ్చింది. ఎండు కొబ్బరిలో నూనె ఉంటుంది, దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉన్నదని, విమానపు సామానులో దాన్ని ఒప్పుకోవద్దని 2022లో నిబంధన వచ్చింది.

"గా దీవిల ఎటు సూసినా కొబ్బరి చెట్లే అంటున్నరు. ఇగ ఈ కుడుక ఏం జేసిందని బిడ్డా గీ కోపం?" అని నవ్వి, తీసి పక్కన పెట్టింది.

దీవి లెక్క వేరు

శంషాబాద్ నుంచి అండమాన్ రాజధానికి సుమారు 1,650 కిలోమీటర్లు. నేరుగా విమానంలో రెండున్నర గంటల పైచిలుకు. పోర్ట్ బ్లెయిర్ అన్న ఆ ఊరి పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అని మార్చారు. అక్కడివారి నోట ఇంకా పాత పేరే నలుగుతూ ఉంది. మన గడియారమే వాళ్ల గడియారం. కాని సూర్యుడు అంత తూర్పున ముందే లేస్తాడు గనుక శీతాకాలంలో సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. అలవాటు లేని పొట్టకు ఆరింటికే రాత్రిభోజనం వేళ అయినట్టుంటుంది.

దీవుల్లో కొబ్బరి ఉంది, పోక ఉంది, చేప ఉంది. బియ్యం, పప్పులు, ఉల్లి, ఆలుగడ్డ, నూనె వంటివాటికి మాత్రం చాలా వరకు ఓడ మీదనే ఆధారం. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడ రావడానికి రెండున్నర రోజులు మొదలు నాలుగు రోజుల దాకా పడుతుంది. సముద్రం సహకరించాలి, రేవులో చోటు దొరకాలి. అందుకని దీవిలో అన్నీ ప్రియం అని మనం అనుకుంటాం. నేనూ అక్కడి అబర్డీన్ బజారులో కాగితం, కలం పట్టుకుని తిరిగాను. తేలిన సంగతి వేరు.

మన దేశంలో పొట్లం కట్టిన సరుకు మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటుంది, మనం ఎమ్మార్పీ అంటాం. దేశంలో ఏ మూలనైనా దానిని మించి తీసుకోకూడదు. అందుచేత శంషాబాద్‌లో ఉన్న బిస్కట్ పొట్లమే అబర్డీన్ బజారులోనూ అదే అచ్చుధరకు దొరుకుతుంది. గోదాము దుకాణం ఇచ్చే తగ్గింపు ఉండదు, అంతే తేడా. ప్రియంగా ఉండేవి కూరగాయలు, పండ్లు, పాలు. ఇవి మనం పెట్టెలో మోసుకుపోగలిగినవి కావు. అంటే చూడండి ఎంత చిత్రమో! మోయగలిగినవి అక్కడ ప్రియం కావు, ప్రియమైనవి మోయలేం. ఇక వెంట తీసుకుపోవలసింది ఏమిటి? అక్కడ డబ్బు పెట్టినా దొరకనిది. మన గిర్నిలో పట్టించిన పిండి, మన చేత్తో దంచిన పొడి, మన మనిషికి మాత్రమే సరిపడే పథ్యం.

హవాయి కథ

ఇదే ప్రశ్నకు ప్రపంచంలో ఇంకొక చోట జవాబు తలకిందులుగా ఉంటుంది. మా చెల్లెలు సంసారం కాలిఫోర్నియాలో. ఆ దంపతులు పిల్లలతో హవాయి దీవుల్లోని మావీకి విహారానికి వెళ్లారు. విమానం దిగింది కహులుయిలో. దిగినవాళ్లు సముద్రం చూడడానికి పోలేదు. విమానాశ్రయానికి దగ్గరలోనే కాస్ట్‌కో గోదాము ఉంది, తిన్నగా అక్కడికి! అది వాళ్ల వింత ఏమీ కాదు. వంటగది ఉన్న బస అద్దెకు తీసుకునే కుటుంబాలు చాలా వరకు చేసేది అదే. అద్దె కారు తీసుకోవడం, గోదాముకు పోవడం, నీళ్ల సీసాలు, పాలు, గుడ్లు, బొప్పాయి, అనాసపండ్లు, పిల్లల ఒంటికి రాసే ఎండమందు పెట్టెలకొద్దీ వేసుకోవడం, అప్పుడు బసకు చేరడం.

"బియ్యం వండే కుక్కరు మాత్రం సూట్‌కేసులో పెట్టుకుపోయానక్కా. పెరుగు, బియ్యం అక్కడ కొన్నాను. ఆవకాయ అమ్మ పంపిందే" అని చెప్పింది చెల్లెలు. ఆ ఆవకాయ ఎక్కడిది? శంషాబాద్‌లో తూకం వేయించుకుని, రెండు సముద్రాలు దాటి పోయినది!

అక్కడ అలా ఎందుకంటే, హవాయి కాలిఫోర్నియా ఒడ్డుకు 3,800 కిలోమీటర్ల దూరాన ఉంది. తినే తిండిలో చాలా భాగం బయటి నుంచే రావాలి. పైగా 1920 నాటి జోన్స్ చట్టం ఒకటి. అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకు సరుకు మోసే ఓడ అమెరికాలో కట్టినదై, అమెరికావారి సొత్తై, అమెరికా నావికులు నడిపేదై ఉండాలని దాని నియమం. దానివల్ల కూడా రవాణా ఖర్చు పెరుగుతుందని చాలామంది అభిప్రాయం. అక్కడ ఎమ్మార్పీ వంటి కట్టుబాటు లేదు. దీవిలోని మామూలు అంగడి తన ఖర్చును ధరలో కలుపుకుంటుంది. అందుకే రేవుకు పెద్ద మొత్తాలు తెప్పించే గోదాము దుకాణం అక్కడి ప్రజలకే దిక్కు. విహారానికి వచ్చినవాడు వాళ్లతోపాటు వరసలో నిలబడతాడు. సంవత్సరానికి 65 డాలర్ల సభ్యత్వం వారం రోజుల సరుకుల్లోనే రాబట్టుకున్నామని మా మరిదిగారి లెక్క.

మన అండమాన్‌లో అంత పెద్ద గోదాము లేదు. చిన్న చిన్న అంగళ్లే ఉన్నాయి. ఈ భేదం ఎంత ముఖ్యమైనదో నాకు మా బస ఇంటావిడ దగ్గర తెలిసింది.

ఓడ వచ్చిన రోజు

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. చేపల వేటకనీ, కట్టుబడి పనులకనీ శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వలసపోయిన కుటుంబాలు ఎక్కువ. మా బస అలాంటి ఒక ఇంట్లోనే. రెండు గదులు, ఒక వంటిల్లు విహారికులకు అద్దెకిస్తారు. ఇంటావిడకు అరవై దాటాయి. పెళ్లయి ఓడలో వచ్చిందట.

బయలుదేరే ముందు ఫోనులో ఆమెను అడిగాను, ఇక్కడి నుంచి ఏమైనా తెమ్మంటారా అని. పప్పులో, పచ్చళ్లో చెబుతుందనుకున్నాను.

"ఏటీ వద్దమ్మా. తెలుగు కేలండరొకటి తేగలవేటి? తిథులూ, పండగలూ ఉండీది. ఇక్కడ దొరకదు, దొరికినా సంక్రాంతి దాటిపోయాకే" అంది.

గోదాము దుకాణంలో కేలండరు ఇవ్వరు. సేటు ఇచ్చాడు. కింద తన దుకాణం పేరు అచ్చు వేయించి, ఏటా ఖాతాదారులకు ఊరికే పంచేది. చుట్ట చుట్టి రబ్బరు వేస్తే పావుకిలో కూడా లేదు. మేం మోసుకుపోయిన వాటిలో అన్నింటికంటె తేలిక అదే. ఆమె దానిని విప్పి, ముందుగా తన మనవరాలి నక్షత్రం ఏ రోజు వస్తుందో చూసుకుంది. ఆ తరవాతే మమ్మల్ని కూర్చోమన్నది.

ఆవిడ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఓడ వచ్చిన రోజు బజారుకు పండగట. ఓడ ఆలస్యమైతే ముందు మాయమయేది ఉల్లిపాయ. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు డబ్బు చేతిలో ఉండీ ఏమీ కొనలేని రోజులు గడిపారట. అప్పటి నుంచి ఆమె ఇంట్లో నెల రోజులకు సరిపడా బియ్యం, పప్పు నిలవ ఉండి తీరవలసిందే.

"వచ్చినోళ్లు రెండు రకాలమ్మా. కొందరు అగ్గిపెట్టి తప్ప అన్నీ తెచ్చుకుంటారు. ఇక్కడ కొట్టువాడి దగ్గర పైసా కొనరు. చెత్త మాత్రం మాకొదిలేసి పోతారు. కొందరు మా చిన్న కొట్టుల్లో ఉన్న పాలూ, గుడ్లూ నాలుగు రోజులకని ఒక్కసారే పట్టుకుపోతారు. వెనకొచ్చిన పిల్లతల్లికి ఏటుంటది?" అన్నది.

ఆలోచిస్తే ఆమె మాటలో అర్థశాస్త్రం యావత్తూ ఉంది. పెద్ద గోదాము ఉన్న చోట మనం పెట్టెలకొద్దీ కొంటే ఎవరికీ లోటు లేదు, రేపటికి మళ్లీ నిండుతుంది. ఓడ మీద ఆధారపడ్డ చిన్న అంగడిలో మనం టోకున కొంటే, అది ఇంకొకరి పూట. అలాగని ఏమీ కొనకపోతే అక్కడివాడి బతుకు. ఏ పూటకా పూట, ఎంత కావాలో అంత కొనడమే న్యాయం. మన అమ్మమ్మలు వీధి కొట్టుకు చిన్న గిన్నె పట్టుకుపోయి కొన్నట్టు.

పడవలు ఆగిన రాత్రి

రెండు రాత్రులకని స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లాం. 2018 దాకా దాని పేరు హేవ్‌లాక్. రాజధాని నుంచి పడవలో గంటన్నర మొదలు రెండున్నర గంటలు. పడవ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు బస ఇంట్లో ఉంచి, చేతిసంచీలతో పోవడం అందరికీ రివాజు. అందుచేత ఇరవై నాలుగు బిస్కట్ల పెట్టె, పన్నెండు నూడిల్స్ కట్ట, కందిపప్పు సంచీ తాళం వేసిన గదిలో ఉండిపోయాయి. అత్తమ్మ గుడ్డ సంచీ మాత్రం ఆమె చంకను వదలలేదు.

తిరిగి రావలసిన రోజు బంగాళాఖాతంలో అల్పపీడనం. పడవలు ఆపేశారు. వాన, గాలి. దారిలో చెట్టు పడిందన్నారు. కరెంటు పోయింది. మేం దిగిన చోట వంటవాడు రాలేదు. రాత్రి భోజనం ఏడింటికని ఎనిమిది అన్నారు, ఎనిమిది అని తొమ్మిది అన్నారు. అత్తమ్మ ఏడింటికే మాత్ర వేసుకుంది. భోజనం వస్తుందన్న భరోసాతో.

తొమ్మిది అవుతుండగా ఆమె చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటతో తడిగా ఉంది. వేళ్లు వణుకుతున్నాయి.

"బిడ్డా, కండ్లు తిరుగుతున్నయ్. గా సంచిల బెల్లం ఉన్నది, జర తియ్" అంది.

షుగరు వ్యాధి అంటే రక్తంలో చక్కెర పెరగడమే అని మనం భయపడతాం. మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైతే అది పడిపోతుంది. పడిపోవడం ఇంకా వేగంగా ప్రాణం మీదకు తెస్తుంది. అప్పుడు ముందు ఇవ్వవలసింది చక్కెరో, బెల్లమో, తీపి నీళ్లో. తరవాత నిలకడగా అరిగే తిండి. టార్చి వెలుగులో మా అమ్మాయి బెల్లం ముక్క నానమ్మ నోట్లో పెట్టింది. పావుగంటలో వణుకు తగ్గింది. ఆ మీద పొద్దున కాల్చి గుడ్డలో చుట్టిపెట్టుకున్న జొన్నరొట్టె, పల్లీల పొడి. పక్కగదిలో నాలుగేళ్ల పిల్లతో బెంగాలీ దంపతులు ఉన్నారు. ఆ పిల్ల ఆకలికి ఏడుస్తుంటే అత్తమ్మ మురుకుల డబ్బా అటు పంపింది. భాష తెలియకపోయినా మురుకు చప్పుడు తెలుస్తుంది కదా! కాసేపటికి ఏడుపు ఆగి, కరకరలు వినబడ్డాయి.

మావారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "కిలోకి పది రూపాయలు" అని మాత్రం అన్నారు. మరునాడు మధ్యాహ్నానికి పడవలు కదిలాయి.

వెళ్లేవారికి నాలుగు మాటలు

దీవికి వెళ్లదలచిన సంసారులు ఈ చిన్న లెక్కలు మనసులో పెట్టుకుంటే చాలు.

మనిషికి రెండు రోజుల సద్ది చాలు. వారం రోజుల కొట్టు అక్కర లేదు. ఆ రెండు రోజుల సద్ది పెట్టెలో కాక చేతిసంచీలో ఉండాలి. మందులు కూడా అందులోనే. పెట్టె ఎక్కడైనా నిలిచిపోవచ్చు, చెయ్యి నిలిచిపోదు. ఊరగాయ, నెయ్యి గట్టి మూత డబ్బాలో పోసి, దానిమీద ఇంకో సంచీ కట్టి పెట్టెలో వెయ్యడం క్షేమం. చేతిలో పట్టుకుంటే తనిఖీ దగ్గర బేరం తప్పదు, ఆ బేరంలో మనం గెలవం. సెల్‌ఫోనుకు కరెంటు ఎక్కించే పవర్‌బ్యాంకు పెట్టెలో పెట్టకూడదు, అది చేతిలోనే ఉండాలి. అగ్గిపెట్టె రెంటిలోనూ వద్దు.

పెద్ద దుకాణంలో కొనడం తప్పని నేననను. ఇంటికి నెలసరి సరుకులకు, పెళ్లికీ, పేరంటానికీ అది లాభమే. కాని బండి తోస్తున్నప్పుడు పొట్లం ధర ఒక్కటే చూడకండి. గ్రాముకు ఎంత పడుతుందో ఇప్పుడు పొట్లాల మీద అచ్చు వేయాలని నిబంధన ఉంది. అది చదవండి. చదివాక ఇంకొక్క ప్రశ్న వేసుకోండి. దీన్ని మోసేదెవరు? తినేదెవరు? ఆ రెండో ప్రశ్నకు జవాబు లేని పొట్లాన్ని బండిలో నుంచి తీసి మళ్లీ అలమరాలో పెట్టండి.

దీవిలో కూరగాయ, చేప, కొబ్బరిబోండాం అక్కడివాళ్ల దగ్గరే, పూటకు సరిపడా కొనండి. నాలుగు రూపాయలు ఎక్కువైతే ఓడకూలి అనుకోండి. తెచ్చుకున్న ప్లాస్టిక్ కాగితాలు మడిచి వెనక్కి తెచ్చేయండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన మాట నిజమే. పొట్లాల కాగితాలకు మాత్రం ఇంకా దారి కనబడలేదు. పెద్ద ఊరికి చెత్త పారేయడానికి శివారు ఉంటుంది. దీవికి శివారు సముద్రమే.

ఇక బస చేసేది తెలుగువారి ఇంట్లో అయితే, ముందుగా ఒక ఫోను చేసి ఏం కావాలో అడగండి. వాళ్లు అడిగేది మీ తూకానికి భారం కాదు. మా ఇంటావిడ ఈ ఏడు కూడా అడిగింది. శంషాబాద్ నుంచి ఆ దీవికి పోతున్న మా కాలేజీ అటెండరు కుటుంబం చేత సేటు కేలండరు పంపించాను. సేటు ఈసారి రెండిచ్చాడు.